గోడ ముందు ముసలాడు

“సంతకం పెట్టకు. పెట్టావో, ఇంకో ఏడాది ఈ పీడ నీ నెత్తినే,” అంది పక్కింటి సమ్లీ, కొబ్బరి తురుముతూ.

లమై పొంగణాల పెనం మీద కొబ్బరిపాల పిండి పోస్తోంది. పీడ పెరట్లో కళ్ళెదుటే ఉంది.

పీడ పేరు వెయిక్కో. పరంగి ముసలాడు. ఫిన్లాండ్ చలి పడక, వచ్చే పింఛనుతో అక్కడ గడవక, థాయ్‌లాండ్‌లో ఈ ప్రచువాప్ సముద్రపుగాలికి వచ్చి పడ్డాడు. సరే, ఎండ కోసం వచ్చినవాడు ఎండలో కూర్చోవద్దూ? లమై పెరట్లో చెక్క గది కట్టుకున్నాడు. అందులో రాళ్ళ పొయ్యి పెట్టుకున్నాడు. ఏప్రిల్ నెలలో, కాకులు కూడా నీడకు పోయే వేళ, తలుపు మూసుకుని ఆ సెగలో చెమటలు కక్కుతాడు. ఉడికిన రొయ్యలా బయటికొచ్చి, హాయిగా ఉందంటాడు.

వచ్చి పన్నెండేళ్ళయింది. నేర్చిన థాయ్ మాటలు నలభై దాటవు. అందులో సగం తిండివే. చేపల పులుసు వాసనకు మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుంటాడు.

పైగా నలుగురిలో లమైని “అమ్మా” అని పిలుస్తాడు. ఆమెకు అరవై ఒకటి, వాడికి డెబ్బై రెండు. సంతలో ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతారు.

“ఏమే లమై, కాన్పు బాగా కష్టమైందా?” అని సమ్లీయే అడిగింది ఒకసారి. లమైకి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం నాలుగయ్యేసరికి మడత కుర్చీ చంకలో పెట్టుకుని గుడికి పోతాడు. భక్తా పాడా? బుద్ధుడి వంక కన్నెత్తి చూడడు. ప్రహరీ గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని, తన భాషలో ఏదో గొణుగుతూ కూర్చుంటాడు. గోడతో కబుర్లు! రోజూ ఆరు పొంగణాలు పట్టుకుపోతాడు. ఉల్లికాడలు వేసినవే కావాలి మహారాజుకి. తాను ఒక్కటీ ముట్టడు. చివరికి గుడి కుక్కలు తింటాయి.

లమైకి ఒళ్ళు మండుతుంది. తిట్టుకుంటూనే ఉల్లికాడలు తరుగుతుంది.

“ముసలాడుండే గది అద్దెకు కావాలని బ్యాంకాక్ దంపతులు తిరుగుతున్నారు. శుభ్రమైన మనుషులు,” అంది సమ్లీ.

అంతలో ముసలాడే వచ్చాడు, చేతిలో కాగితంతో. వీసా పొడిగించాలంటే ఇంటి యజమాని స్వయంగా వెళ్ళి సంతకం పెట్టాలి. రేపే ఆఖరు. పెట్టకపోతే దేశం వదలాల్సిందే.

“అమ్మా... నేను... ఇక్కడ... చావు,” అన్నాడు చేతులు జోడించి.

“చావడానికి నా ఇల్లే దొరికిందా? మీ ఊళ్ళో మంచుందిగా, చెడిపోకుండా ఉండేవాడివి!”

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెర్రినవ్వు నవ్వాడు. జోడించిన చేతులు మాత్రం దించలేదు.

మర్నాడు లమై వాడితో బయల్దేరింది. “వస్తానన్నాను గానీ సంతకం పెడతానన్లేదు,” అని దారి పొడుగునా గుర్తు చేస్తూనే ఉంది.

వీసా ఆఫీసులో మూడు గంటలు పడిగాపులు. పొద్దుటి పొంగణాల బేరం పోయిందని ఆమె తిట్ల దండకం ఆపలేదు. వాడు మడత కుర్చీ ఒళ్ళో పెట్టుకుని గడియారం వంక చూస్తున్నాడు. నాలుగు దాటితే గోడ పారిపోతుందేమోనని వాడి బెంగ.

కౌంటర్‌లో కుర్రాఫీసరు కాగితాలు తిరగేశాడు.

“పెద్దమ్మా, ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు. ఇందాకట్నించీ మీ తిట్లు వింటూనే ఉన్నా. ఇంతకంటే చవకైన దేశాలు బోలెడున్నాయి, ఈ ముసలాయన మీ ఇల్లే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడు?”

లమై కలం లాక్కుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం గీసింది.

“మా అల్లుడు బాబూ,” అంది, “నా కూతురి అస్థికలు మా ఊరి గుడి గోడలో ఉన్నంతకాలం ఈ దద్దమ్మ ఎక్కడికీ పోడు.”