బ్యాటరీలో మిగిలింది

భార్య కారులో కూర్చుని తాళం మూడోసారి తిప్పింది. కారు మూలిగిందే తప్ప స్టార్ట్ కాలేదు. వెనక సీట్లో బట్టల సంచి, దాని పక్కన కుట్టుమిషను. మిషను కూడా ఎక్కించిందంటే ఇక తిరిగొచ్చే ఉద్దేశం లేదన్నమాట. గుమ్మంలో నిలబడి చూస్తున్న మెకానిక్‌కి అది అర్థమైంది.

"మెకానిక్ మొగుణ్ణి పెట్టుకుని ఆటో పిలుచుకోమంటారా?" అంది ఆమె, అతనివైపు చూడకుండానే.

ఎవరి కారు ఆగినా పరుగెత్తే మనిషికి ఈ కారు దగ్గరికి మాత్రం కాళ్ళు రాలేదు. అయినా షెడ్డులోంచి ఇటుకంత పెట్టె తెచ్చి, బానెట్ ఎత్తి, దాని క్లిప్పులు రెండూ బ్యాటరీకి తగిలించాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

ఆమె కారు దిగి వచ్చింది. "ఇందులో ఇంకో బ్యాటరీ ఉందా?"

"లేదు. సూపర్ కెపాసిటర్లు. ప్రస్తుతానికి ఖాళీ."

"ఖాళీ పెట్టెతో కారు స్టార్ట్ చేస్తారా?"

"మన బ్యాటరీ పూర్తిగా చావలేదు. అడుగున కాస్త కరెంటు మిగిలే ఉంది. కానీ ఇంజిన్ తిరగాలంటే ఒక్క క్షణంలో బోలెడు కావాలి. అంత ఒకేసారి ఇచ్చే సత్తువ దానికి లేదు. ఈ పెట్టె ఆ మిగిలినదాన్నే కొంచెం కొంచెంగా పోగేసి, ఒక్క దెబ్బలో ఇస్తుంది."

"ఎంతసేపు?"

"ఐదారు నిమిషాలు. ఈ ఎర్రదీపం పచ్చబడాలి."

ఇంట్లో పిలిస్తే తప్ప పలకని మనిషి ఆ పూట ఏకరువు పెట్టాడు.

"బ్యాటరీ గాదె లాంటిది. లోపల రసాయనాలు మారితేగానీ కరెంటు నిండదు, బయటికి రాదు. అందుకే నిదానం. కానీ చాలా పడుతుంది, చాన్నాళ్ళు నిలుస్తుంది. కెపాసిటర్ దోసిలి. ఇందులో కరెంటు ఊరికే పలకలకు అంటుకుని ఉంటుంది. చిటికెలో నిండుతుంది, చిటికెలో ఖాళీ. లక్షలసార్లు నింపినా అరగదు. అయితే ఎక్కువ పట్టదు. వాడకుండా వదిలేస్తే దానంతటదే కారిపోతుంది."

"మీ కోపంలాగా," అంది ఆమె. "నిన్న నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళ ముందే, నా కుట్టు గోనెసంచులకు కూడా పనికిరాదన్నారు. పొద్దుటికి మీరు మర్చిపోయారు. నాది బ్యాటరీ. అంత తొందరగా దిగదు."

సరిగ్గా అప్పుడే దీపం పచ్చబడింది. అతను గబుక్కున దాని మీద అరచెయ్యి ఆనించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండకు బ్యాటరీ ఎలా పాడవుతుందో, చలికి ఎందుకు మొరాయిస్తుందో, ఆగిన ప్రతి స్టాపులో ఛార్జి నింపుకునే కెపాసిటర్ బస్సులు ఎలా నడుస్తాయో అన్నీ చెప్పాడు. ఆమె వింటూనే ఉంది. కాసేపటికి అతని దగ్గర సరుకు అయిపోయింది. ఆమె లేని ఇంట్లో ఎలా ఉండాలో అతనికి నిజంగా తెలియదు.

"ఆ మాట అనాల్సింది కాదు," అన్నాడు చివరికి. "నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కునే అన్నాను. తప్పు నాదే." చెయ్యి తీసేశాడు. "ఇది పచ్చబడి చాలాసేపైంది. వెళ్ళి తాళం తిప్పు."

ఆమె వెళ్ళి కారులో కూర్చుంది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

అతను తల దించుకుని క్లిప్పులు ఊడదీశాడు. బానెట్ మూసి కిటికీ దగ్గరికొచ్చాడు. "దారిలో ఇంజిన్ ఆపకు, బ్యాటరీ నిండాలి. అయినా పోయిన నెలే వేసిన బ్యాటరీ రాత్రికి రాత్రి ఎలా దిగిపోయిందో నాకు అంతుబట్టడం లేదు."

ఆమె తాళం వెనక్కి తిప్పింది. ఇంజిన్ ఆగిపోయింది.

"వెళ్తుంటే మీరు నోరు తెరిచి ఆపరని తెలుసు," అంది. "అందుకే రాత్రంతా కారు లైట్లు వేసి ఉంచాను."