దగ్గు వినే షెడ్డు

మనుషుల్లో జ్వరాలు ప్రబలినప్పటి నుంచి ప్రతి పందుల షెడ్డుకూ అత్యవసర ప్రణాళిక ఉండాల్సిందే. ఎవరైనా దగ్గితే గోడలోని యంత్రం విని, పందులకు జబ్బు అంటకుండా ఆ మనిషిని బయటికి పంపేస్తుంది. మేపే మనిషి మిగలకపోతే గాలి ఆపేసి పందుల్ని చంపేస్తుంది.

నాంచారమ్మ భర్త తిరుపాలును యంత్రం అలాగే ఆస్పత్రికి పంపింది. షెడ్డులో ఇక నాంచారమ్మ ఒక్కతే మిగిలింది. అతను పోయాడని కూతురు ఫోన్ చేసింది.

"నాన్న మొహం చూడ్డానికైనా రావా అమ్మా?"

"నేనొస్తే వీటికి ఊపిరుండదే. మీ నాన్న పెంచినయ్యే గదే ఇయన్నీ."

మర్నాటికి ఆమెకూ ఒళ్లు కాలిపోయింది. దగ్గు వచ్చినప్పుడల్లా ఈనిన పంది పక్కన పడుకుని, దాని పొట్టలో మొహం దాచుకునేది. యంత్రానికి వినిపించలేదు.

జ్వరం తగ్గింది. గండం గడిచిందనుకుని తొట్టి నింపుతుంటే వెనక ఆ పంది దగ్గింది. తర్వాత దాని పిల్లలు.

"ఊరుకో తల్లీ, ఊరుకో," అంటూ నాంచారమ్మ దాని మూతిని రెండు చేతులా మూసింది.

"పందులకు జబ్బు సోకింది. మీరు బయటికి వెళ్లండి," అంది యంత్రం. ఫ్యాన్లు ఆగిపోయాయి.

నాంచారమ్మ ఒక పిల్లను కొంగులో చుట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. తలుపు తెరుచుకోలేదు. ఎంత బతిమాలినా తెరుచుకోలేదు.

చివరికి పిల్లను కింద దించింది. అప్పుడు తెరుచుకుంది.