మూత తీయని లెన్సు

పన్నెండేళ్ల కాపురంలో నా భార్య వెంకటరావమ్మ ఒక్కసారి కూడా నా కెమెరా ముందు కూర్చోలేదు. "ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుద్దండీ," అనేది. దిగకుండానే పోయింది. బెజవాడలో సగం ఊరి ఫోటోలు తీసిన నా దగ్గర ఆమెది ఒక్కటీ లేదు.

సంవత్సరీకం పెట్టిన మర్నాడు, కాలువ అవతల ఫోటో కొట్టు మార్కండేయులు పాత ఇత్తడి లెన్సు తెచ్చిచ్చాడు. యుద్ధం రోజులు, కొత్తవి దొరకడం లేదు.

"నువ్వే ఉంచుకోవోయ్. ఇక నాకు దీంతో పని లేదు," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

చీకటి పడ్డాక దాన్ని నా పెద్ద కెమెరాకు బిగించాను. ఎదురుగా ఖాళీ కుర్చీ, పక్కన పెట్రోమాక్స్ దీపం. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక అద్దంలోకి చూశాను. ఆ అద్దంలో ఏదైనా తలకిందులుగానే కనిపిస్తుంది. దీపం అలాగే కనిపించింది.

వెంకటరావమ్మ మాత్రం నిటారుగా కూర్చుని ఉంది.

ఒంటి మీద నేను కొనని మంగళగిరి చీర. గడ్డం కాస్త ఎత్తి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. అలా కూర్చోవడం బాగా అలవాటైన మనిషిలా ఉంది.

పెట్రోమాక్స్ బుస ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, గుడ్డకు అవతల, మార్కండేయులు గొంతు వినిపించింది.

"కదలకు రావమ్మా. ఏడు దాకా లెక్కెడతా."

"ఆయనకి చెప్పమాకండి," అంది నా భార్య.

చేయి చాచి లెన్సు తడిమాను. మూత ఇంకా తీయనే లేదు.

"ఒకటి," అన్నాడు మార్కండేయులు. అద్దంలో ఆమె నవ్వింది.