మూత కింద తేనె రంగు

చివరి బోల్టు కూడా ఊడదీసి, ఇంజిన్ పై మూతను పక్కన పెట్టి లోపలికి టార్చి వేసిన మెకానిక్ అలాగే వంగి ఉండిపోయింది.

షెడ్డుకి వచ్చేవాళ్లంతా ఆమెను డాక్టరమ్మ అంటారు. చెవి ఒగ్గి విని జబ్బేమిటో చెప్పేస్తుందని ఆ పేరు. ఇరవై రెండేళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మనిషి. నాలుగు లక్షల తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన ముసలి కారు మూత కింద ఏముంటుందో చూడకుండానే చెప్పగలదు. మాడిన పాకంలా గట్టిపడిన నల్లటి మడ్డి ఉంటుంది. కానీ ఇక్కడ ఆ మడ్డి లేదు. ఇనుమంతా పలచటి తేనె రంగులో నిగనిగలాడుతోంది. వేలితో రాసి చూసింది. వేలికేమీ అంటలేదు.

"మాస్టారూ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

కారు తెచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇంజిన్ పని అయిపోయిందని ఆమె ఒక్క మాటంటే చాలు, బండిని పాత ఇనుములో ఇచ్చేద్దామని ఆయన ఉద్దేశం. వచ్చీరాగానే ఆ మాటే చెప్పాడు. కూడా వచ్చిన భార్య మాత్రం అందుకు ఒప్పుకోలేదు. వాళ్లమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఈ కారులోనేనట. ఫ్లషింగ్ మందు పోయిస్తే ఇంజిన్ లోపలంతా కడిగినట్టయి కొత్తదైపోతుందని పక్కింటాయన చెప్పాడని, అదే చేయించమని పట్టుబట్టింది.

"దీనికి ఫ్లషింగెందుకు పిన్నిగారూ? కడగడానికి లోపల మురికుండాలిగా" అంది డాక్టరమ్మ, ఇంకా ఇంజిన్ మీంచి చూపు తిప్పకుండానే.

అసలు ఆయిల్ ఎన్నాళ్లకోసారి మార్చాలని మాస్టారు అడిగాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఇంత బాగా చూసుకున్న మనిషి తనను పరీక్షిస్తున్నాడనుకుంది. ఆ మాటే అంటే ఆయన డాష్‌బోర్డు అర తెరిచి, నూనె మరకలున్న నోట్‌బుక్ ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

లోపల చీమల బారులాంటి చిన్న అక్షరాలు. తారీఖు, కిలోమీటర్లు, పోసిన ఆయిలు, మార్చిన ఫిల్టరు. మొదటి పేజీ ఎనభై రెండు వేల దగ్గర మొదలైంది. "ఆయిల్ తారులా ఉంది. ఫ్లషింగ్ వద్దు. వెయ్యి కిలోమీటర్లకోసారి చొప్పున మూడుసార్లు మార్చాలి. మడ్డి మెల్లగా దానంతటదే దిగుతుంది" అని రాసి ఉంది.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. పనిలో చేరిన కొత్తలో, ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఒక కూరగాయల వ్యానుకి తనే ఫ్లషింగ్ మందు పోసింది. లోపలి మడ్డి పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఆయిల్‌ని పైకి లాగే గొట్టం జల్లెడకు అడ్డం పడింది. నాలుగో రోజున నడిరోడ్డు మీద ఇంజిన్ పట్టేసింది. ఆ వ్యాను మీదే బతికే ఇల్లాలు షెడ్డు ముందు నిలబడి ఏడవడం ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ పూట తను నేర్చుకున్న పాఠం ఈ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.

పేజీలు తిప్పింది. ప్రతి ఏడున్నర వేల కిలోమీటర్లకీ ఒక మార్పు. అంత తిరగకపోతే ఆర్నెల్లకి ఒకటి. ఎక్కడా ఒక్కటీ తప్పలేదు. ఒకచోట "ఆరు నెలలు బండి కదల్లేదు. అయినా మార్చాను" అని ఉంది. కదలని బండికి మార్చడమెందుకని మాస్టారు అడిగాడు. ఊరికే నిలబెట్టినా లోపల చెమ్మ చేరి ఆయిల్ చెడిపోతుందని, అందుకే కిలోమీటర్లు, నెలలు రెండూ లెక్కలోకి తీసుకుని ఏది ముందొస్తే అప్పుడు మార్చాలని, దగ్గర దూరాలకే తిరిగే బండికైతే ఇంకా ముందే మార్చాలని ఆమె వివరించింది. ఆయన బెంచీ మీది పిల్లాడిలా విన్నాడు.

ఎనభై రెండు వేలకి ముందు సంగతేమిటని అడిగితే, అప్పట్లో గుర్తొస్తే మార్చడమేనని, రెండేళ్లపాటు అసలు గుర్తే రాలేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

"అయితే మనిషి మారాడన్నమాట."

మాస్టారు భార్య వంక చూశాడు. "అవునమ్మా, మనిషి మారాడు."

అంతసేపూ దూరంగా నిలబడ్డ ఆవిడ అప్పుడు దగ్గరికొచ్చింది. టార్చి వెలుగులో మెరుస్తున్న ఆ ఇనుమును చాలాసేపు చూసి, పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంత శ్రద్ధగా చూసుకుని ఉంటారని కలలో కూడా అనుకోలేదు" అంది.

పాత ఇనుము మాట మాస్టారు మళ్లీ ఎత్తలేదు. ఆయిల్, ఫిల్టరు మాత్రం మార్చమన్నాడు. డాక్టరమ్మ ఆ పని మరెవరి చేతా చేయించలేదు. పాత ఆయిల్ చివరి బొట్టు దాకా కారనిచ్చింది. కొత్తది పోసి, పుల్ల ముంచి రెండుసార్లు కొలిచింది. పెద్దవాళ్ల ఇంట్లో మెలిగినంత ఒద్దికగా మూత బిగించింది. తర్వాత చేతులు తుడుచుకుని, ఈ రోజు లెక్క మీ చేత్తోనే రాయండంటూ నోట్‌బుక్, పెన్నూ ఆయనకిచ్చింది.

మాస్టారు బానెట్ మీద పెట్టుకుని రాశాడు. నల్లబల్ల మీద రాసినట్టు పెద్దపెద్ద వాలు అక్షరాలు. ఒక్క తారీఖే మూడు గీతలు మింగేసింది. డాక్టరమ్మ ఆ పేజీ చూసింది. వెనక పేజీ తిప్పి చూసింది. మళ్లీ ముందుకొచ్చింది.

"ఇవి మీ అక్షరాలు కావు మాస్టారూ. మరి ఇన్నేళ్లూ ఇదంతా రాసిందెవరు?"

ఆయన పెన్ను మూత పెట్టి ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"పోలీసులు ఈ కారు మాకు తిరిగి అప్పగించింది మొన్ననేనమ్మా. ఇదంతా రాసింది, పందొమ్మిదేళ్ల కిందట మా ఇంటి ముందు నుంచి దీన్ని ఎత్తుకుపోయిన దొంగ."