మొదటి జవాబు

తెల్లారగానే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్. లోపలున్నవాళ్ల జాబితా ఖాళీ అయితేనే పేలుడు సైరన్ మోగుతుంది. ఆ జాబితా చూసుకునే ప్రోగ్రామ్ రాసిన ప్రసూన రాత్రంతా గేటు గదిలోనే కూర్చుంది. ఇక మిగిలింది ఒక్క పేరు.

“పైకొచ్చిన మేడం. నా పేరు తీసెయ్యండి, భద్రాచలం బస్సుకు పోవాలె,” అన్నాడు కుమారస్వామి, టోకెన్ బల్ల మీద పెట్టి.

ప్రసూన ఆ టోకెన్ నంబరు కొట్టి, ఇతను జాబితాలో ఉన్నాడా అని అడిగితే ప్రోగ్రామ్ “లేడు” అంది. పేరేమో తెర మీద కనిపిస్తూనే ఉంది. ప్రసూన నాలుక కరుచుకుంది. పేరూ టోకెన్ నంబరూ ఒకటైతే మనిషీ ఒకటేనని రాయడం మరిచిపోయింది. అది రాయనంతవరకు జాబితాలో ఉన్నవాడూ ఎదురుగా ఉన్నవాడూ యంత్రానికి వేరే మనుషులు. ఆ లైను చేర్చి మళ్లీ అడిగింది.

“ఉన్నాడు.”

పేరు తీసెయ్యబోతుంటే వాకీటాకీ గరగరలాడింది.

“మేడం, కుమారస్వామిని. కాలు ఇరుక్కపోయింది, ఇంకా కిందనే ఉన్న. నా పేరు తియ్యకండి.”

అదే గొంతు. “లేడు” అన్న మొదటి జవాబు గుర్తొచ్చి ప్రసూన చెయ్యి ఆగిపోయింది. గదిలో చప్పుడు లేదు. ఎదురుగా ఉన్నవాడి ఊపిరి కూడా వినిపించడం లేదు.

“ఉన్నాడనే వచ్చింది గద మేడం,” అన్నాడతను బల్ల మీదికి వంగి. “తీసెయ్యండి.”