మాటతోడు

"నోరు తెరవమంటే ఎవరితో తెరవనే? ఈ గోడతోనా?" అంది సన్నా అవ్వ, మైకును పక్కకి నెట్టేస్తూ.

రెఫిల్వే రికార్డింగు ఆపేసింది. జొహానెస్‌బర్గ్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో ఏ గుమ్మం ముందు నిలబడినా ఒక కొత్త భాష చెవిన పడుతుంది. అవ్వ భాష మాత్రం ఎక్కడా వినపడదు. ఎడారి అంచున పుట్టిన ఆ భాషలో అవ్వా, ఆమె చెల్లెలూ కబుర్లాడుకుంటూ ఉంటే, పరిశోధన కోసం రికార్డు చేసేవారు. చలికాలంలో చెల్లెలు పోయింది. అప్పటినుంచి అవ్వ మాటే కాదు, తిండీ తగ్గించేసింది.

రెఫిల్వేకు ఆ భాష రాదు; అవ్వతో మాట్లాడేది అందరికీ వచ్చిన బజారు భాషలోనే. యంత్రం చూసుకోవడమే ఆమె పని. అయినా మనసూరుకోక, ఎడారి వైపు ఊళ్ళలోని చర్చిలన్నిటికీ ఫోన్లు చేసింది. చివరికి ఫ్లోరిస్ అనే ముసలాయన దొరికాడు.

"మీ వైపు పాత భాష మీకొచ్చా తాతా?"

"రాకపోవడమేంటి? మా అమ్మ తిట్లన్నీ అందులోనే తిన్నాను. ఇప్పుడు తిట్టేవాళ్ళే లేరు."

ఉన్నదాంట్లో మంచి కోటు వేసుకుని, బస్సెక్కి వచ్చాడు. గదిలో అడుగు పెడుతూనే, నాలుక టక్కుమనిపించే ఆ ఎడారి పలుకుల్లో ఏదో అన్నాడు. అవ్వ ఉలిక్కిపడింది. ఆయన్ని కాసేపు తేరిపార చూసింది. తర్వాత మెల్లగా బదులిచ్చింది.

ఇక ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబితే ఈవిడ పగలబడి నవ్వింది. ఈవిడ చెల్లెలి పేరెత్తి కళ్ళొత్తుకుంటే, ఆయన టోపీ తీసి తల వంచుకున్నాడు. రెఫిల్వే తెచ్చిన వేడి బూరెలు అవ్వ తను తిని, ఆయన చేతిలోనూ పెట్టింది. రికార్డింగు గది అద్దానికి ఇవతల, యంత్రం ముందు కూర్చుని రెఫిల్వే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం తాత టీ తాగడానికి బయటికి వెళ్ళగానే రెఫిల్వే అవ్వ పక్కన చేరింది.

"నవ్వించాడు, ఏడిపించాడు. అంతలా ఏం చెప్పాడవ్వా?"

"రేపు కూడా ఉంటాడా?"

"వారమంతా ఉంటాడులే. ముందు ఏం చెప్పాడో చెప్పు!"

అవ్వ తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"నాకేం తెలుసు తల్లీ? ఆయనతో మాత్రం అనకు."

"ఏమని?"

"ఆయనది మా భాష కాదు."