‘ఎ’ అంటే ఎర్రది

పొద్దున్నే గూటి తలుపు తీసిన దర్జీ ఐలయ్య కొత్త పెట్టల్లో ఒకదాని కాలు చూసి తల పట్టుకున్నాడు. వేళ్ల దగ్గర తోలు లేచి నెత్తురు గడ్డకట్టింది. పక్కనే ఎర్రకోడి రెక్కలు విప్పుకుని, మెడ మీది ఈకలు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది.

“నీ కాళ్లిరుగ! అది నిన్నేం జేసిందే?” అని దాన్ని అదిలించాడు.

వరండాలో మంచం మీద నుంచి భార్య సిద్దమ్మ చూస్తోంది. పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయిన దగ్గర్నుంచి ఆమె చూడటమే తప్ప మాట్లాడింది లేదు. ఒకప్పుడు ఆ గొంతు కాసేపు వినపడకపోతే, సిద్దమ్మ ఊరెళ్లిందేమో అనుకునేవాళ్లు గల్లీలో. మనుషులు దొరక్కపోతే కోళ్లతో మాట్లాడేది. మొగుడికి పెట్టాల్సిన చీవాట్లు కూడా సగం కోళ్లకే పెట్టేది. ఐలయ్య కుట్టుమిషన్ మీద వంచిన తల ఎత్తకుండా అన్నీ వినేవాడు. ఇప్పుడు ఇంట్లో మిషన్ చప్పుడు ఒక్కటే మిగిలింది. అది భరించడం అతడి వల్ల కావడం లేదు.

“ఆమెకు ఇష్టమైన ముచ్చట్లు పెట్టుండ్రి. మాట రావచ్చు” అంది దవాఖానలో డాక్టరమ్మ.

రావచ్చు అన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని ఐలయ్య హవేలిఘనపూర్ నుంచి మూడు పడుచు పెట్టలను తెచ్చాడు. ఇంట్లో ఉన్నవి ఎర్రకోడి, దాని వెంట తిరిగే రెండు ముసలి పెట్టలు. ఎర్రకోడి పిల్లగా ఉన్నప్పటి నుంచీ సిద్దమ్మ అరచేతిలో మెతుకులు తిని పెరిగింది.

కొత్తవాటిని పాతవాటితో కలిపే పద్ధతి సిద్దమ్మదే. ఐలయ్య తు.చ. తప్పకుండా పాటించాడు. కొన్నాళ్లు వాకిట్లో సందులున్న గంప కింద ఉంచాడు, ఒకదాన్నొకటి చూసుకుని అలవాటు పడతాయని. తర్వాత ఒక సాయంత్రం మసక చీకట్లో గూట్లోకి ఎక్కించాడు, తెల్లారి లేచేసరికి అన్నీ ఒక్క ఇంటివే అనుకుంటాయని. చేస్తున్నంతసేపూ “గిట్లనేనా సిద్దీ? గంప గీడ పెట్టాల్నా?” అని ఆమెను అడుగుతూనే ఉన్నాడు.

పగటిపూట ఎర్రకోడి గింజల దగ్గర కొత్తవాటిని ఒకటి రెండు పోట్లు పొడిచి, పెద్దరికం చూపించుకుని ఊరుకుంది. తెల్లారేసరికి మాత్రం ఏదో ఒక కొత్త పెట్ట కాలికి గాయం ఉంటోంది. గూట్లో పెట్టిన ఒకటీ అరా గుడ్లూ పెంకులై కనిపిస్తున్నాయి.

పక్కింటి నర్సమ్మ గోడ మీంచే తీర్పు చెప్పేసింది.

“గది నీ ఎర్రకోడి పనే ఐలన్నా. పెత్తనం మరిగింది. గుడ్లు తినుడు గూడ నేర్సింది. ఇగ మానదు. కోసుకోని తినుండ్రి.”

“అదంటే సిద్దికి పానం. ఎట్ల కోస్త చెల్లె?”

“ఎ...”

ఐలయ్య చేతిలోని గింజల చేట జారిపోయింది. ఒక్క ఉదుటున మంచం దగ్గరికి పరిగెత్తాడు. సిద్దమ్మ మెడ నరాలు ఉబ్బాయి. నుదుటి నిండా చెమటలు. ఎడమచేయి లేపి గూటి వైపు చూపిస్తోంది.

“ఎ... ఎ...”

“ఎర్రదా? ఎర్రది పొడుస్తున్నదా?”

ఆమె తల ఆడించింది. జబ్బు చేసినప్పటి నుంచి ఆ తల ఊపు అవునో కాదో ఎవరికీ అంతుపట్టదు.

“ఇన్నవా చెల్లె? మాటొచ్చింది! ఎర్రది అంటున్నది!” ఐలయ్య ఏడుస్తూనే నవ్వాడు. “రాత్రి నిద్ర పట్టక గూడు దిక్కే సూస్తుంటది. అంత సూసింది!”

నిజమే, రాత్రిళ్లు ఆమెకు కునుకుండదు. అతడికేమో రోజంతా చాకిరీతో తల వాలిస్తే తెల్లారడమే.

అయినా అతడికి చేయి రాలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాడు. సిద్దమ్మ నోటి నుంచి ‘ఎ’ తప్ప రెండో అక్షరం రాలేదు. ఆదివారం పొద్దున గూడు తీస్తే ఒక కొత్త పెట్ట చచ్చిపడి ఉంది. ఎర్రకోడి దాని మీదే కూర్చుంది. ఎర్రకోడి ముక్కు నిండా నెత్తురు. మంచం మీద సిద్దమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది.

“ఎ... ఎ... ఎ...”

“నువ్వు సాదినదాన్ని నువ్వే వద్దంటున్నవంటే, నీ కడుపు ఎంత కాలిందో” అన్నాడు ఐలయ్య. లోపలికి వెళ్లి కత్తి తెచ్చాడు.

ఎర్రకోడి పెనుగులాడలేదు. తెలిసిన చేయే కదా అనుకుంది కాబోలు. కోసిన తర్వాత ఐలయ్య నల్లా దగ్గర కూర్చుని, చేతులు కడుక్కోవడం మర్చిపోయి, చాలాసేపు ఏడ్చాడు.

మధ్యాహ్నం పులుసు కాచి, అన్నం మెత్తగా పిసికి తెచ్చాడు. సిద్దమ్మ పళ్లు బిగించింది.

“పీడ పోయింది సిద్దీ. మిగిలిన రెండు కొత్తవాటినన్న కాపాడుకుందం. జర తిను. బలమొస్తే మాట మొత్తం వస్తది” అని బతిమాలాడు. చివరికి ఒక్క ముద్ద లోపలికి పోయింది. ఆమె కళ్ల నీళ్లు పైటకొంగుతో తుడిచాడు. భగవంతుడా, ఒక్క మాట పలికించు, అది నన్ను తిట్టే తిట్టయినా సరే అని మనసులోనే మొక్కుకున్నాడు.

పొద్దు గూకింది. మిగిలిన కోళ్లను గూట్లోకి తోలి ఐలయ్య తలుపు గడియ పెడుతుండగా, ఇన్నాళ్లూ అతడు మొక్కుకున్న ఆ ఒక్క మాట వెనక మంచం మీద నుంచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పూర్తిగా వచ్చింది: “ఎ... ఎలు... ఎలుక!”